రెండవ కోరిక

ఎన్నికలనగానే మనకు గెలుపు, ఓటమి, ఊరేగింపు, పూలదండ యనునవియే స్ఫురించును. గెలిచినవారెవరని అందఱు నడుగుదురు. వోటు వేసిన మనుజుని మనస్సులో నున్నదంతయు ఆ చిన్న కాగితముపై పట్టినదా యని అడుగువారు తక్కువ. ఈ సాయంకాలము నేను ఆ రెండవ ప్రశ్నయొక్క చరిత్రను కొంత మనవి చేయదలచితిని.

ఈ ప్రశ్న నాకు గ్రంథములవలన కలిగినది కాదు. చిన్ననాడు మా గ్రామములో గ్రంథాలయసంఘమునకు కార్యదర్శి నెన్నుకొనవలసివచ్చెను. సభ్యులు 61 మంది. పోటీకి నిలిచినవారు ముగ్గురు: ఒక భూస్వామి, ఉద్యోగము చాలించుకొని యింటనున్న పోస్టుమాస్టరు, క్రొత్తగా వచ్చిన బడిపంతులు. చీటీలు విప్పి లెక్కించు పని కుఱ్ఱవాడనగు నాకు అప్పగించిరి. భూస్వామికి 25, పోస్టుమాస్టరునకు 20, పంతులునకు 15 వచ్చినవి. మిగిలిన యొక్క చీటీలో ముత్యములవంటి అక్షరములతో ఇట్లు వ్రాసియుండెను: "పంతులుగారు. వారికి రాని పక్షమున పోస్టుమాస్టరుగారు." అధ్యక్షులవారు కండ్లజోడు సవరించుకొని ఆ చీటీని చూచి, "ఒక మనిషికి ఒకే వోటు, ఇది చెల్లదు" అని ప్రక్కకు పెట్టించిరి. భూస్వామి కార్యదర్శి యయ్యెను. చెడ్డవాడేమియు కాదు. కాని 61 మందిలో 36 మంది ఆయనను కోరలేదను సంగతి లెక్కించిన నాకు తెలియును. ఆ చెల్లని చీటీ వ్రాసినవారెవరో నాకు నేటికిని తెలియదు. వారు అధికమైన వోటు అడిగినవారు కారు. తమకున్న యొక్క వోటునే, మొదటిచోట వ్యర్థమైనచో రెండవచోట వినియోగింపుడని కోరిరి. ప్రపంచమున రెండువందల యేండ్లుగా పెద్ద పెద్ద మేధావులు వాదించిన సంస్కరణ యంతయు ఆ రెండు వాక్యములలోనే యిమిడియున్నది.

మన దేశమున ఎన్నిక క్రొత్త వస్తువు కాదు. బౌద్ధసంఘములలో వివాదము తెగనప్పుడు రంగురంగుల శలాకలను పంచి, ఏ రంగు శలాక నెందఱు గైకొనిరో లెక్కించి అధికసంఖ్యాకుల మతమును తెలిసికొనెడివారు. పదవ శతాబ్దారంభమున, పరాంతక చోళుని కాలమున, ఉత్తరమేరూరు శాసనములు మఱియొక పద్ధతిని చెప్పుచున్నవి. అర్హులగువారి పేర్లు తాటియాకులపై వ్రాసి, కుండలో వేసి కలిపి, ఏమియు నెఱుగని బాలునిచేత తీయించెడివారు. శలాకలలో మెజారిటీకి గౌరవము కలదు. కుండలో దైవమునకు గౌరవము కలదు. అయినను, "నా మొదటి కోరిక నెఱవేరనిచో ఇది నా రెండవ కోరిక" యని చెప్పుకొనుట కీ రెంటిలోను వీలు కానరాదు.

ఆ వీలును మొదట కనుగొన్నది ఒక బడి. ఇంగ్లండులో బర్మింగుహాము నగరమున థామస్ రైట్ హిల్ అను నుపాధ్యాయుడుండెను. ఆయన పాఠశాలలో బాలురు తమ కమిటీని తామే యెన్నుకొనెడివారు. తనకు నచ్చినవాని ప్రక్కన పోయి నిలుచుటయే వోటు. ఒకని చుట్టును గుంపు అవసరమునకు మించి పెరిగినచో, వెనుకనున్నవారు "ఇతడెట్లును గెలిచినాడు, నేను ఇంకొకనికి తోడ్పడుదు" నని కదలిపోయెడివారు. ఒకనిప్రక్కన ఇద్దఱు ముగ్గురే యున్నచో, వారును ఆశ వదలుకొని తమ రెండవ స్నేహితుని కడకు పోయెడివారు. ఎవరియడుగును వ్యర్థము కాలేదు. 1821లో ఆయన ఆ పట్టణపు సాహిత్య విజ్ఞాన సమాజమునకు ఈ మార్గముననే కమిటీని ఎన్నుకొను నియమము నేర్పఱచెను. ఆయన కుమారుడే రోలండ్ హిల్; ఒక పెన్నీ తపాలబిళ్ల నంటించి దేశమంతట జాబులు పంపు నేర్పాటును ప్రచారము చేసినవాడు. అతని ప్రేరణచేత 1840లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ పట్టణసభకు ఈ సూత్రమునే కొంత మార్పుతో ఉపయోగించిరి.

బాలురు కాళ్లతో నడిచిన దానిని కాగితముపై అంకెలతో నడిపించిన ఘనత ఇద్దఱిది. డెన్మార్కులో కార్ల్ ఆండ్రే యను గణితజ్ఞుడు 1855లో తన దేశపు శాసనసభ యెన్నికలలో దీనిని కొంతమేర ప్రవేశపెట్టెను. ఆయన సంగతి తెలియకయే లండనులో థామస్ హేర్ అను న్యాయవాది 1857లో ఒక చిన్న పుస్తకమును, 1859లో పెద్ద గ్రంథమును ప్రకటించెను. హేరు చెప్పినదిది: వోటరు అభ్యర్థుల పేర్లయెదుట 1, 2, 3 అని తన యిష్టక్రమమును వ్రాయవలెను. గెలుచుటకు కావలసిన వోట్లసంఖ్య యొకటి ముందుగా నిర్ణయింపబడును. 1 అంకెల తోడనే ఆ సంఖ్యను దాటినవాని అధికపు వోట్లు 2 అంకె యున్నవారికి పోవును. ఎవ్వరును ఆ సంఖ్యను చేరనిచో, అందఱికంటె వెనుకబడినవానిని తొలగించి, అతని చీటీలను 2 అంకెనుబట్టి పంచవలెను. ఇట్లు స్థానములన్నియు నిండువఱకు సాగును. దీనినే మనము బదిలీ వోటు అనుచున్నాము.

ఇందులో గమనింపవలసిన ధర్మమొకటి కలదు. రెండవ అంకె యెన్నడును మొదటి అంకెకు ద్రోహము చేయదు. మొదటివాడు రంగమున నున్నంతవఱకు రెండవవాని పేరు మడతలోనే యుండును. కనుక వోటరు వెఱపు లేక తన మనస్సులోని మాటనే మొదట వ్రాయవచ్చును. "మంచివాడే, గెలువడు, వానికి వేసిన వోటు గంగలో కలియును" అను మాట మన గ్రామములలో ఎన్ని పర్యాయములు వినలేదు? ఆ మాటకు మందు హేరు చీటీలో నున్నది.

జాన్ స్టూఅర్ట్ మిల్లు హేరు గ్రంథమును చదివి పరమానందభరితుడయ్యెను. 1861లో ప్రాతినిధ్యప్రభుత్వమును గూర్చి తాను రచించిన గ్రంథమున దానిని మిక్కిలి ప్రశంసించెను. పార్లమెంటు సభ్యుడైన తరువాత, 1867లో వోటుహక్కు విస్తరణశాసనము చర్చకు వచ్చినప్పుడు సవరణగా ప్రతిపాదించెను. అది నెగ్గలేదు. తెలివిగలవారి మతిభ్రమణమనియే పలువురు దానిని త్రోసిపుచ్చిరి. ఇంగ్లండు పార్లమెంటు నేటికిని ఆ మార్గమునకు రాలేదు. ఒకే స్థానమునకు అంకెలు వేయు మార్పును గూర్చి 2011లో ఆ దేశమున ప్రజాభిప్రాయమును కోరగా, నూటికి సుమారు 68 మంది వలదనిరి.

పుట్టినచోట నిలువనిది పరదేశములలో పెరిగినది. టాస్మేనియాలో ఆండ్రూ ఇంగ్లిస్ క్లార్క్ అను న్యాయశాస్త్రజ్ఞుడు 1896లో దీనికి శాసనరూపము కల్పించెను. తక్కిన ఆస్ట్రేలియాకు ఒక దెబ్బ తగిలినగాని తెలిసిరాలేదు. 1918లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ నియోజకవర్గమునకు ఉపయెన్నిక జరిగెను. కార్మికపక్షమును వ్యతిరేకించువారు రైతుల అభ్యర్థికిని, నేషనలిస్టు అభ్యర్థికిని చీలిపోయిరి. నూటికి సుమారు 34 వోట్లతో కార్మికపక్షపు యువకుడొకడు గెలిచెను. ఆ సంవత్సరమే అక్కడి ప్రభుత్వము అంకెల చీటీని శాసనము చేసెను. ఇది కేవలము ధర్మబుద్ధితో జరిగినదని నేను చెప్పజాలను. తమ వోట్లు చీలిపోవునను భయమే ముఖ్యకారణము. ఎన్నికల సంస్కరణలు తఱచుగా ఇట్లే వచ్చును. ఓడినవారికి కనబడు లోపము గెలిచినవారికి కనబడదు.

ఐర్లండు కథ మనకు మఱింత సన్నిహితమైనది. అక్కడ అల్పసంఖ్యాకులకు భయము, అధికసంఖ్యాకులకు ఆగ్రహము. ఇద్దఱికిని సమాధానము కాగలదని ఆర్థర్ గ్రిఫిత్ వంటి జాతీయనాయకులు బదిలీ వోటును సమర్థించిరి. 1919లో స్లైగో పట్టణసభకు, 1920లో దేశమంతట స్థానికసంస్థలకు, 1922 నుండి స్వతంత్ర ఐర్లండు శాసనసభకు అదియే పద్ధతి యయ్యెను. 1959లోను 1968లోను అక్కడి ప్రభుత్వమే దానిని తీసివేయదలచి ప్రజలనడుగగా, రెండుసార్లును ప్రజలు కాదనిరి. అంకెలు వేయుట కలవాటుపడిన చేయి ఆ స్వాతంత్ర్యమును మరల విడువదని దీనివలన తేటపడుచున్నది.

ఆ డబ్లిన్ నగరమున 1913 మొదలు 1916 వఱకు ఒక తెలుగు యువకుడు న్యాయశాస్త్రము చదివెను. ఆయన బరంపురమున 1894లో జన్మించిన వరాహగిరి వేంకటగిరి. ఐరిష్ జాతీయవాదులతో కలిసిమెలసియుండినందున ఆయనకు 1916లో ఆ దేశమును విడువవలసివచ్చెను. ఆయన వచ్చిన తరువాతనే అక్కడ బదిలీ వోటు ఆచరణలోనికి వచ్చినది. అయినను ఆ పద్ధతి సముద్రములు దాటి యొకనాడు ఆయననే వెదకికొనుచు రానున్నది. అది చెప్పుటకు ముందు మన రాజ్యాంగసభలోనికి ఒకసారి తొంగిచూతము.

1946లో రాజ్యాంగసభ ఏర్పడినప్పుడు రాష్ట్ర శాసనసభల సభ్యులు దాని సభ్యుల నెన్నుకొనిరి. ఆ యెన్నిక జరిగినది బదిలీ వోటుతోనే. బొంబాయిలో అవకాశము లేకపోయిన డాక్టర్ అంబేద్కరుగారు వంగరాష్ట్రమునుండి ఆ సభలో ప్రవేశింపగలిగిరి. కొద్దిపాటి శాసనసభ్యుల మొదటి అంకెలు చాలునను సౌకర్యము ఆ పద్ధతిలో నుండుటయే దానికి తోడ్పడినది. ఆ సభయే 1949 జనవరిలో లోకసభ యెన్నికలను చర్చించునప్పుడు, కాజీ సయ్యద్ కరీముద్దీనుగారు ఇదే పద్ధతిని సామాన్యప్రజలకును ఇయ్యవలెనని సవరణ తెచ్చిరి. దానిని కాదన్నవారు అంబేద్కరుగారే.

ఆయన వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఆయన చెప్పిన కారణములు రెండు. మొదటిది, దేశమున చదువు లేదు. అంకెలు వ్రాయలేనివాడు అంకెల చీటీని ఏమి చేసికొనును? 1951 జనగణనలో అక్షరాస్యులు నూటికి సుమారు 18 మందియే. మొదటి సాధారణ యెన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి గుర్తుగల ఒక్కొక్క పెట్టె పెట్టవలసివచ్చినదన్నచో, ఆ మాటలోని బలము తెలియును. రెండవది, దామాషా పద్ధతిలో సభ చిన్న చిన్న పక్షములుగా చీలిపోవును; మంత్రివర్గము నిలువదు; అప్పుడే పుట్టిన రాజ్యమునకు మొదట కావలసినది స్థిరత్వము. సవరణ వీగిపోయెను. రాష్ట్రపతి యెన్నికకును రాజ్యసభకును మాత్రము బదిలీ వోటును ఉంచిరి. అనగా శాసనసభ్యులు తమలో తాము వోటు వేసికొనునప్పుడు రెండవ కోరిక చెప్పుకొనవచ్చును. వారిని పంపిన ప్రజలకు ఒక్క కోరికయే!

ఆ యొక్క కోరిక ఎట్లు పనిచేసినదో తెలుగుదేశమే తొలుత చవిచూచినది. 1952లో మదరాసు శాసనసభ యెన్నికలలో ఆంధ్రజిల్లాల 140 స్థానములలో 41 కమ్యూనిస్టులకు వచ్చినవి. వారి ప్రత్యర్థులు అనేక పక్షములుగా చీలియుండిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమేర్పడినది; 1954లో ప్రకాశంపంతులుగారి మంత్రివర్గము పడిపోయినది; 1955లో మరల యెన్నికలు వచ్చినవి. ఈసారి కాంగ్రెసువారు, కృషికార్ లోక్ పార్టీవారు, ప్రజాపార్టీవారు ఒక్కటై నిలిచిరి. కమ్యూనిస్టులకు నూటికి సుమారు 31 వోట్లు పడినవి. 196 స్థానములలో వారికి దక్కినవి 15! నూటికి పది వోట్లైనను రాని కృషికార్ లోక్ పార్టీ, కూటమి బలముతో 22 స్థానములు గెలిచెను.

నేను ఏ పక్షమును సమర్థించుటకు ఈ మాట చెప్పుట లేదు. 1952లో చీలికవలన కమ్యూనిస్టులు లాభము పొందిరి. 1955లో ఐక్యతవలన వారి ప్రత్యర్థులు లాభము పొందిరి. త్రాసు ఒక్కటియే, ఒకసారి ఇటును ఒకసారి అటును తూగినది. నష్టపోయినది ఏ పక్షమో యని చూచుటకంటె, నష్టపోయిన వోటరెవరో చూడవలెను. పక్షములు పొత్తు కుదుర్చుకొన్నచోట, మూడు పక్షములలో తనకు నచ్చినదేదో చెప్పుకొను నవకాశము వోటరునకు లేదు. నాయకులు ముందే కూర్చుండి తేల్చివేసిరి. పొత్తు కుదరనిచోట, తన వోటు చీలిపోయి తాను వద్దనుకొన్నవాడు వచ్చును. 2 అంకె వేయు హక్కున్నచో ఆ పొత్తును వోటరే తన చీటీమీద తాను కుదుర్చుకొనగలడు.

ఇక గిరిగారి కథకు వత్తము. మొదటి రెండు సాధారణ యెన్నికలలో కొన్ని నియోజకవర్గములకు ఇద్దఱేసి సభ్యులుండెడివారు: ఒక సామాన్యస్థానము, షెడ్యూల్డు కులములకో తెగలకో ప్రత్యేకించిన స్థానము మఱియొకటి. ప్రతి వోటరునకు రెండు వోట్లు. రెంటిని ఒకే యభ్యర్థికి వేయరాదు. 1952లో నల్లగొండనుండి రావి నారాయణరెడ్డిగారు పండిత నెహ్రూగారికంటె హెచ్చుగా, మూడు లక్షలకు పైబడి వోట్లు పొందిన సంగతి తెలుగువారందఱు గర్వముతో చెప్పుకొందురు. నల్లగొండ అట్టి జంటస్థానమే, నెహ్రూగారిదియు అట్టిదే.

1957లో గిరిగారు పార్వతీపురమునుండి లోకసభకు నిలిచిరి. అది జంటస్థానము, ఒకటి గిరిజనులకు ప్రత్యేకము. నలుగురు అభ్యర్థులు. శాసనమిట్లున్నది: గిరిజనాభ్యర్థులలో అందఱికంటె ఎక్కువ వోట్లు వచ్చినవారికి ప్రత్యేకస్థానము ముందుగా ఇయ్యవలెను, పిమ్మట మిగిలినవారందఱిలో ఎవరికెక్కువ వచ్చినచో వారికి సామాన్యస్థానము. లెక్క చూడగా బిడ్డిక సత్యనారాయణగారికి ప్రత్యేకస్థానము వచ్చినది. మిగిలినవారిలో గిరిజనాభ్యర్థియగు డిప్పల సూరిదొరగారు గిరిగారికంటె స్వల్పముగా ముందుండిరి. సామాన్యస్థానము సూరిదొరగారిదయ్యెను. కేంద్రమున కార్మికమంత్రిగా పనిచేసిన గిరిగారు ఓడిపోయిరి.

గిరిగారు న్యాయస్థానమున వాదించిరి. ప్రత్యేకస్థానమునకని నిలిచినవారికి సామాన్యస్థానము చెల్లదనిరి. మఱికొన్ని యభ్యంతరములును చెప్పిరి. 1959లో సుప్రీముకోర్టు ఆ వాదములను అంగీకరింపలేదు. తీర్పు సమంజసమే. గిరిజనుడైనంతమాత్రమున ఒకడు సామాన్యస్థానమునకు తగడనుట ధర్మము కాదు. వోట్లు వచ్చినవాడు గెలువవలసినదే. సూరిదొరగారి గెలుపు వారి హక్కు.

న్యాయస్థానము తేల్చవలసిన పని లేని ప్రశ్న యొకటి మిగిలిపోయినది. పార్వతీపురము వోటరు చేతిలో రెండు వోట్లున్నవి గాని, వానికి క్రమము లేదు. "సామాన్యస్థానమునకు గిరిగారు, ప్రత్యేకస్థానమునకు సూరిదొరగారు" అని తలచి ఇద్దఱికిని చెఱియొక వోటు వేసినవాడుండినచో, అతని రెండవ వోటే అతని మొదటి కోరికకు ఎదురు నిలిచినది! తన యెడమచేతితో తన కుడిచేతిని పట్టి లాగినట్లయినది. వోట్లు రెండున్నంతమాత్రమున స్వాతంత్ర్యము రెండింతలు కాదు. ఏది ముందో ఏది వెనుకో చెప్పగల వీలున్నప్పుడే అది స్వాతంత్ర్యము. 1961లో పార్లమెంటు శాసనము చేసి జంటస్థానములను తీసివేసినది. చిక్కు పోయినది, వోటరునకు మరల ఒక్క వోటు, ఒక్క కోరిక మిగిలినది.

ఓడిన గిరిగారు ఉత్తరప్రదేశము, కేరళము, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగా పనిచేసి, 1967లో ఉపరాష్ట్రపతి యయిరి. 1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకిర్ హుసేనుగారు కాలధర్మము చెందిరి. ఆ పదవికి కాంగ్రెసు పక్షము అనంతపురము జిల్లా ఇల్లూరులో జన్మించిన నీలం సంజీవరెడ్డిగారిని నిలిపినది. గిరిగారు పదవికి రాజీనామా ఇచ్చి స్వతంత్రముగా నిలిచిరి. స్వతంత్ర, జనసంఘ పక్షములు చింతామణి దేశ్‌ముఖుగారిని బలపఱచినవి. ప్రధాని ఇందిరాగాంధీగారు ఆత్మప్రబోధమునుబట్టి వోటు వేయుడని పిలుపిచ్చి తన పక్షమునే రెండుగా చీల్చిరి. ఇద్దఱు తెలుగువారి నడుమ దేశపు అత్యున్నతపదవికి పోరు! ఆగస్టు 16వ తేదీన వోటింగు, 20వ తేదీన లెక్కింపు.

ఆ లెక్కింపును అంకెలతోనే చెప్పుట మేలు. మొదటి అంకెలలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖుగారికి 1,12,769. మిగిలిన కొద్దిపాటి వోట్లు తక్కిన పన్నెండుగురికి. గెలుచుటకు కావలసినది 4,18,169. గిరిగారు 87,967 ముందున్నారు గాని, గెలువలేదు. ఇంకను 16,654 కావలెను. అప్పుడు ఒక్కొక్క వెనుకబడినవానిని తొలగించుచు, చివరకు దేశ్‌ముఖుగారి చీటీలను విప్పి రెండవ అంకెలు చదివిరి. వానిలో అత్యధికభాగము సంజీవరెడ్డిగారికే పోయినది. ఆయన 4,05,427 వఱకు వచ్చిరి. గిరిగారికి కలిసినది 18,562 మాత్రమే. ఆయన మొత్తము 4,20,077. గీటు దాటినది. 87 వేల తేడా 14,650కు దిగినది. మన రాష్ట్రపతుల యెన్నికలలో రెండవ అంకెలను లెక్కింపవలసివచ్చినది ఆ యొక్కసారియే.

ఇక్కడ మనము నిజము చెప్పుకొనవలెను. మామూలు పద్ధతిలోనైనను గిరిగారే గెలిచియుందురు. రెండవ అంకె ఫలితమును మార్చలేదు. అయినచో అది చేసినదేమి? రెండు పనులు చేసినది. దేశ్‌ముఖుగారిని ఇష్టపడిన శాసనసభ్యుడు నిర్భయముగా ఆయనకు మొదటి అంకె వేయగలిగినాడు. తుదిపోరులో తన మాటను కోల్పోలేదు. గిరిగారు ప్రత్యర్థులు చీలినందువలన వచ్చినారను మాటకును తావు లేకపోయినది. ఇద్దఱే మిగిలిననాడును ఆయనకే అధికమని రుజువైనది. ఓడిన సంజీవరెడ్డిగారికిని తన నిజమైన బలమెంతయో లోకమునకు చూపుట కవకాశము కలిగినది. ఆయన 1977లో ఏకగ్రీవముగా రాష్ట్రపతి యయిరి. గెలిచినవానికి అధికారబలమును, ఓడినవానికి గౌరవమును, వోటరునకు మనశ్శాంతిని ఇచ్చు లెక్క మంచి లెక్క కాదా?

1957లో పార్వతీపురపు రైతునకు లేనిది, 1969లో శాసనసభ్యునకు ఉన్నది. గిరిగారి జీవితము ఈ రెంటికిని సాక్షి.

ఇందులో కష్టములు లేకపోలేదు. పదునైదుగురి పేర్లకు అంకెలు వేయుట సులభము కాదు. ఆస్ట్రేలియాలో విసిగిన వోటర్లు చీటీమీద పైనుండి క్రిందికి వరుసగా అంకెలు వేసి పోవుటయు కలదు. లెక్కింపు ఆలస్యమగును. కొన్ని చీటీలలో అంకెలు మధ్యలోనే అయిపోయి, ఆ వోట్లు తుదివఱకు నడువవు. ఒకే స్థానమునకు పెట్టినచో మధ్యేమార్గమున నుండి అందఱికిని రెండవవాడైనవాడు మొదటనే తొలగిపోవుటయు సంభవించును. నలుగురైదుగురి నెన్నుకొను పెద్ద నియోజకవర్గములు లేనిదే దామాషా న్యాయము పూర్తిగా సిద్ధింపదు; అట్టి విశాలప్రదేశమున ప్రజాప్రతినిధి మన గడపకు వచ్చుట తగ్గవచ్చును. స్థిరప్రభుత్వమును గూర్చి అంబేద్కరుగారు పడిన భయమునకు ఇప్పటికిని బలము కలదు. ఏ యెన్నికపద్ధతియు మచ్చలేని చంద్రుడు కాదు.

కాని నిరక్షరాస్యతను గూర్చిన మొదటి ఆక్షేపణ 1949లో ఉన్నంత బలముగా నేడు నిలువదు. రంగుపెట్టెలనుండి ముద్రచీటీకి, చీటీనుండి మీటల యంత్రమునకు మన వోటరు ఎంత త్వరగా అలవాటుపడెనో లోకము చూచినది. 2013లో సుప్రీముకోర్టు ఆజ్ఞతో, "వీరిలో ఎవ్వరును వలదు" అనుటకు కూడ యంత్రముపై ఒక మీట వచ్చినది. అది స్వాతంత్ర్యమే, కాదనను. కాని ఆ మీటకు ఎన్ని వోట్లు పడినను, అభ్యర్థులలో ఎక్కువ వోట్లు వచ్చినవారే గెలుతురు. మౌనముగా నుండు హక్కును గుర్తించితిమి. మాట పూర్తిచేయు హక్కును ఇంకను గుర్తింపలేదు. "ఎవ్వరును వలదు" అనగలవానికి, "ఇతడు కానిచో అతడు" అనుట తెలియదందుమా? సంతలో ఎద్దులు కొనువాడు, కూతునకు సంబంధము చూచువాడు, నిత్యమును మొదటిది రెండవది విచారించుకొనుచునే యున్నాడు.

శ్రోతలారా! పద్ధతిని మార్చవలెనో వలదో నిర్ణయింపవలసినది ప్రజలు, వారి ప్రతినిధులు. గ్రామ సంఘములలో, గ్రంథాలయములలో, విద్యార్థి సభలలో, సహకార సంఘములలో దీనిని పరీక్షించి చూచుటకు ఎవరి యనుమతియు అక్కఱలేదు. సంఘ నియమావళిలో ఒక్క వాక్యము చాలును. బర్మింగుహాములో ఇది బడిపిల్లల నడుమనే మొదలైనది గదా.

మా గ్రంథాలయపు చీటీలను ఆనాటి రాత్రి పొయ్యిలో వేయుమని నాకు చెప్పిరి. అఱువదియు వేసితిని. చెల్లని ఆ యొక్కటి మాత్రము వేయుటకు చేయి రాక, ఒక పుస్తకమున దాచితిని. ఆ పుస్తకము చెదలు తిని చాల కాలమైనది. దానిలోని రెండు వాక్యములు మాత్రము నా కింకను జ్ఞాపకమున్నవి. ఆ మనుజుడు తప్పు వ్రాసినవాడు కాడు. మా నియమముకంటె ముందు పుట్టినవాడు.